హ్యాండ్‌బాల్‌తో బతుకుతెరువు: రైల్వే జెర్సీయా, జర్మనీ క్లబ్బా?

సీనియర్ నేషనల్స్‌లో రాష్ట్రానికో, ఇంటర్ యూనివర్సిటీలో తన యూనివర్సిటీకో ఆడిన 19, 20 ఏళ్ల క్రీడాకారుల ముందు ఇవాళ మూడు దారులున్నాయి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని ఆ శాఖ జట్టుకు ఆడటం మొదటిది. చదువు మీదో, వృత్తి శిక్షణ మీదో యూరప్ చేరి, అక్కడ కింది డివిజన్‌లో ఆడుతూ పైకి ఎక్కడం రెండోది. ఇక్కడి నుంచే నేరుగా యూరప్ క్లబ్బుతో కాంట్రాక్టు కుదుర్చుకోవడం మూడోది.

తీర్పు ముందే చెప్పేస్తాం. చాలామందికి మొదటి దారే సరైనది. వయసు 21 లోపు ఉండి, ఎడమచేతి వాటమో, మంచి ఎత్తో, గోల్‌కీపింగ్ నైపుణ్యమో ఉంటే రెండోది గట్టిగా ఆలోచించదగ్గది. మూడోదాన్ని నమ్ముకుని ఇంకేదీ మానుకోవద్దు. ఏ దారిలో వెళ్లినా పక్కన ఇంకో ఆధారం ఉండాలి: డిగ్రీ కానీ, చేతిపని కానీ, ఉద్యోగం కానీ. హ్యాండ్‌బాల్‌లో మొదటి రెండు డివిజన్లు దాటితే జర్మన్ ఆటగాళ్లు కూడా అలాగే బతుకుతున్నారు.

ఆట పూర్తికాలపు వృత్తి అయిన చోటు

పోలికకు కొలబద్దగా జర్మనీనే తీసుకోవాలి. అక్కడి పై స్థాయి లీగు అయిన పురుషుల బుందెస్‌లీగాలో 18 జట్లు, ఒక్కో జట్టుకు 34 మ్యాచ్‌లు. దీనికి జర్మన్ కప్పు అదనం. యూరప్ మేటి క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో ఉన్న క్లబ్బుకు గ్రూపు దశలోనే మరెన్నో మ్యాచ్‌లు పడతాయి. జనవరి వచ్చిందంటే ప్రపంచ చాంపియన్‌షిప్పో, యూరోపియన్ చాంపియన్‌షిప్పో ఉంటుంది. కీల్, మాగ్దెబుర్గ్, బెర్లిన్ లాంటి క్లబ్బుల్లో ఉంటూ జాతీయ జట్టుకు కూడా ఆడేవాడు ఏడాదిలో 60 మ్యాచ్‌లు ఆడటం వింతేమీ కాదు. జులైలో సన్నాహక శిబిరం, ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో సీజన్ ఆరంభం, జూన్ మొదట్లో ముగింపు. కాంట్రాక్టులు సాధారణంగా జూన్ 30తో తీరతాయి.

ఆ కింద రెండో బుందెస్‌లీగా. అక్కడా 18 జట్లు, 34 మ్యాచ్‌లు. ఈ స్థాయిలో కొందరు పూర్తికాలపు ఆటగాళ్లు, కొందరు చదువుకుంటూ ఆడేవాళ్లు. మూడో లీగా అంటే 3. లీగాకు దిగితే లెక్క మారిపోతుంది. శిక్షణ సాయంత్రాల్లో, మ్యాచ్ వారాంతంలో, పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లది. ఇచ్చే డబ్బు కూడా చాలాసార్లు జర్మన్లు మినీజాబ్ అనే చిరు ఉద్యోగపు పరిమితికి లోబడే ఉంటుంది. 2025లో ఆ పరిమితి నెలకు 556 యూరోలు. పెట్రోలు ఖర్చు, బూట్లు, అప్పుడప్పుడు అద్దెలో కొంత భాగం క్లబ్బు చూసుకుంటుంది.

మన దేశపు ఆటగాడికి మొదట వచ్చే అవకాశం ఈ మూడో, నాలుగో స్థాయిలోనే. అందుకే వీసా లెక్క ముందు చూసుకోవాలి.

వీసా దగ్గరే సగం నిర్ణయం

యూరోపియన్ యూనియన్ బయటి క్రీడాకారుడికి జర్మనీ పని అనుమతి ఇవ్వాలంటే మూడు షరతులు. వయసు 16 నిండాలి. అతని ఆటస్థాయిని అక్కడి క్రీడా సమాఖ్య ధ్రువీకరించాలి. క్లబ్బు ఇచ్చే స్థూల జీతం పింఛను బీమా లెక్కకు తీసుకునే గరిష్ఠ ఆదాయంలో కనీసం సగం ఉండాలి. 2025లో ఆ గరిష్ఠం నెలకు 8,050 యూరోలు. అంటే ఆ ఏడాది జీతం 4,025 యూరోలకు తగ్గకూడదు. ఈ అంకె ఏటా జనవరిలో మారుతుంది.

చిరు ఉద్యోగపు పరిమితిలో డబ్బిచ్చే మూడో లీగా క్లబ్బు మీకు అంత జీతం ఇవ్వదు. కాబట్టి “మూడో లీగా క్లబ్బు పిలుస్తోంది, క్రీడాకారుడి వీసా మేం చూసుకుంటాం, మీరు రెండు లక్షలు కట్టండి” అని ఏ ఏజెంటు చెప్పినా అక్కడితో ఆ మాట ఆపేయండి. జీతం కాగితం మీద ఎక్కువ చూపించి చేతికి తక్కువ ఇస్తామనే ఏర్పాటు ఇంకా ప్రమాదం. పన్ను, బీమా సొమ్ము లెక్క తేడా వస్తే పోయేది మీ నివాస అనుమతే.

మరి కింది స్థాయిలో ఆడాలంటే ఎలా? మూడు సక్రమమైన మార్గాలున్నాయి.

మొదటిది చదువు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు 11,904 యూరోలు చూపించాలి. ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న మొత్తం. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. క్లబ్బు ఇచ్చే జీతం కూడా ఈ పని లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకుని, ఒప్పందం రాసే ముందే విదేశీయుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. మాస్టర్స్‌కు వెళ్లే తెలుగు పిల్లలకు ఇదే అనువైన తోవ. ఊరు ఎంచుకునేటప్పుడు యూనివర్సిటీ ర్యాంకుతో పాటు చుట్టుపక్కల 30 కిలోమీటర్లలో ఏ డివిజన్ క్లబ్బులున్నాయో కూడా చూడండి.

రెండోది ఆస్‌బిల్డుంగ్. కంపెనీలో పని, వృత్తి పాఠశాలలో చదువు రెండూ కలిసి రెండు నుంచి మూడున్నర ఏళ్లు సాగే శిక్షణ ఇది. మొదటి నెల నుంచీ భత్యం వస్తుంది. జర్మన్ భాష బి1 (మధ్యస్థ) స్థాయి దాకా రావాలి. ఇక్కడ హ్యాండ్‌బాల్‌కు ఒక లాభం ఉంది. చిన్న ఊళ్లలో క్లబ్బు స్పాన్సరే స్థానిక కంపెనీ యజమాని అయి ఉంటాడు. ఆటగాడికి శిక్షణ సీటు ఇప్పించడం అక్కడి క్లబ్బులకు అలవాటైన పని. ఆస్‌బిల్డుంగ్ పూర్తయితే ఆట ఆగిపోయినా ఉద్యోగం మిగులుతుంది. మా దృష్టిలో ఇంటర్ తరువాత యూరప్ వెళ్లాలనుకునేవాళ్లకు మాస్టర్స్ కోసం నాలుగేళ్లు ఆగడం కంటే ఇదే మెరుగు, ఎందుకంటే 19 నుంచి 22 ఏళ్ల మధ్య కాలం ఆటలో మళ్లీ రాదు.

మూడోది స్వచ్ఛంద సేవా సంవత్సరం. 27 ఏళ్లు నిండనివాళ్లు క్రీడా క్లబ్బులో పిల్లలకు శిక్షణ ఇస్తూ, కార్యాలయ పనుల్లో సాయపడుతూ సాధారణంగా 12 నెలలు గడుపుతారు. చేతి ఖర్చుకు మాత్రమే డబ్బు వస్తుంది. భాష నేర్చుకోవడానికి, కోచ్‌ల కళ్లలో పడటానికి పనికొస్తుంది. ఇంటికి డబ్బు పంపాల్సిన అవసరం ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

స్పోర్ట్స్ కోటా: కాగితాలే సగం ఆట

కేంద్ర ప్రభుత్వ శాఖలు నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 5 శాతం వరకు ప్రతిభ గల క్రీడాకారులతో నింపవచ్చు. గుర్తించిన క్రీడల జాబితాలో హ్యాండ్‌బాల్ ఉంది. మన ఆటకు ప్రధానంగా రైల్వే, సైన్యం, కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, రాష్ట్ర పోలీసు జట్లు ఆధారం.

రైల్వే నోటిఫికేషన్‌లో మార్కులు ఇలా పడతాయి: ట్రయల్స్‌లో ఆట, ఫిట్‌నెస్, కోచ్ పరిశీలన కలిపి 40, సాధించిన విజయాలకు 50, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే ‘ఫిట్’ కానట్టే, మిగతా మార్కులు లెక్కలోకే రావు. మొత్తం మీద లెవెల్ (జీతపు మెట్టు) 2, 3 పోస్టులకు కనీసం 65, లెవెల్ 4, 5కు కనీసం 70 రావాలి. వయసు 18 నుంచి 25. ఏ వర్గానికీ సడలింపు లేదు. విజయాలు కూడా ప్రస్తుత ఆర్థిక సంవత్సరం, దాని ముందు రెండు ఆర్థిక సంవత్సరాలవే చెల్లుతాయి. నాలుగేళ్ల కిందటి పతకం ఎంత పెద్దదైనా ఇక్కడ పనికిరాదు. పతకం వచ్చిన ఏడాది నుంచే దరఖాస్తులు మొదలుపెట్టాలి. డిగ్రీ అయ్యాక చూద్దామని ఆగినవాళ్లలో చాలామందికి ఈ మూడేళ్ల గడువే అడ్డుపడుతుంది.

లెవెల్ 2, 3 పోస్టులకు సీనియర్, జూనియర్ నేషనల్స్‌లో గానీ, నేషనల్ గేమ్స్‌లో గానీ, ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో గానీ జట్టు నోటిఫికేషన్ అడిగిన స్థానంలోపు ఉండాలి. సీనియర్ నేషనల్స్‌లో రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు), హరియాణా, పంజాబ్‌ల మీద గెలిచి పై స్థానాలకు రావడం తెలుగు రాష్ట్రాల జట్లకు కష్టం. అందువల్ల మన పిల్లలు ఇంటర్ యూనివర్సిటీ పోటీని మరింత గట్టిగా పట్టించుకోవాలి. బలమైన జట్టున్న యూనివర్సిటీలో సీటు తీసుకోవడం ఉద్యోగం వైపు వేసే మొదటి అడుగు. అడ్మిషన్‌కు ముందే ఆ యూనివర్సిటీ జట్టు గత మూడేళ్లలో జోనల్ దాటిందా, ఆలిండియా స్థాయిలో ఎక్కడిదాకా వెళ్లిందో కనుక్కోండి.

జీతం సంగతికొస్తే, ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 2 మూలవేతనం 19,900, లెవెల్ 3 అయితే 21,700, లెవెల్ 4కు 25,500, లెవెల్ 5కు 29,200 రూపాయలు. డీఏ, ఇంటద్దె భత్యం దీనిపైన. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌ది లెవెల్ 3, హెడ్ కానిస్టేబుల్‌ది లెవెల్ 4. అక్కడ వయసు సాధారణంగా 18 నుంచి 23. ఎత్తు, ఛాతీ కొలతలూ చూస్తారు. రైల్వేతో పోలిస్తే బలగాల్లో శిక్షణ, క్రమశిక్షణ కఠినం. కానీ జట్టు శిబిరం ఉన్నన్నాళ్లూ తిండి, బస, కోర్టు, ఫిజియో ఒకే చోట దొరుకుతాయి. 24 దాటినవాళ్లకు మాత్రం ఈ రెండింట్లో రైల్వే తలుపు ఒక్కటే కాసేపు తెరిచి ఉంటుంది. రాష్ట్రాల్లోనూ ఉద్యోగాల్లో క్రీడా రిజర్వేషన్ ఉంది: తెలంగాణలో 2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 3 శాతం. ఏ పోటీలకు ఎంత ప్రాధాన్యమన్నది ఆయా జీవోల్లోని జాబితాను బట్టి ఉంటుంది.

ఇక ఎక్కువమంది దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గర. కేంద్ర ఉద్యోగాలకు నాలుగు రకాల ఫారాలున్నాయి: దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి ఆడితే ఫారం 2, యూనివర్సిటీకి ఆడితే ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడితే ఫారం 4. టోర్నీలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఈ ఫారానికి బదులు కాదు. ఫారం మీద సమాఖ్య కార్యదర్శి, లేదా యూనివర్సిటీ స్పోర్ట్స్ అధికారి సంతకం ఉండాలి. హ్యాండ్‌బాల్‌లో తామే అసలు సమాఖ్య అని ఒకటికి మించి సంఘాలు చెప్పుకున్న కాలం కూడా ఉంది. “జాతీయ చాంపియన్‌షిప్” అని పేరుండగానే అది చెల్లుతుందని అనుకోకండి. ఆ ఏడాది ఆ సంఘానికి కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే రైలు ఎక్కండి. పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉన్నా టోర్నీ ముగిసిన వారంలోనే దిద్దించుకోవాలి. రెండేళ్ల తరువాత ఆ కార్యదర్శి ఆ పదవిలో ఉండకపోవచ్చు.

ఈ దారిలో పోగొట్టుకునేది ఏమిటో కూడా తెలుసుకోవాలి. దేశవాళీ సీజన్ చిన్నది. ఏడాదిలో గట్టి మ్యాచ్‌లు కొన్నే పడతాయి, అవీ నాలుగైదు రోజుల్లో వరసగా. వారానికో పెద్ద మ్యాచ్ చొప్పున పది నెలలు ఆడే జర్మన్ కుర్రాడు మూడేళ్లలో నేర్చుకునేది ఇక్కడ ఎనిమిదేళ్లు ఆడినా రాదు. ఆట ఎంత పైకి వెళ్తుందన్నదే మీ ప్రశ్న అయితే స్పోర్ట్స్ కోటా దానికి జవాబు కాదు. 58, 60 ఏళ్ల దాకా ఇల్లు ఎలా గడుస్తుందన్నది ప్రశ్న అయితే మాత్రం ఇంతకంటే గట్టి జవాబు ఇంకోటి లేదు.

లీగు సంగతి

2023 జూన్ 8 నుంచి 25 వరకు జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. ఆరు జట్లలో మన పేరుతో తెలుగు టాలన్స్ కూడా ఆడింది; ఫైనల్లో మహారాష్ట్ర ఐరన్‌మెన్ గెలిచింది. విదేశీ ఆటగాళ్ల పక్కన ఆడటానికి, టీవీ మీద కనిపించడానికి, యూరప్‌కు పంపే వీడియో సంపాదించుకోవడానికి ఇలాంటి లీగు చాలా విలువైనది. అయితే 18 రోజుల పోటీ బతుకుతెరువు కాదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఆడితే బోనస్. దీన్ని నమ్ముకుని ట్రయల్స్ వదులుకోవడం మాత్రం తప్పు.

మిగతా దేశాలు, క్లుప్తంగా

ఫ్రాన్స్‌లో పై లీగులో 16 జట్లు, కింద ప్రోలీగ్. అక్కడి బలమంతా క్లబ్బుల శిక్షణ కేంద్రాల్లో ఉంది. ఆ కేంద్రాల నుంచి వచ్చిన స్థానిక కుర్రాళ్లను దాటి బయటివాడు చోటు సంపాదించడం కష్టం. డెన్మార్క్‌లో ఆట వేగం, సాంకేతికత నేర్చుకోవడానికి అద్భుతమైన వాతావరణం. 2024 పారిస్ ఒలింపిక్స్ స్వర్ణంతో ఆట ముగించిన మిక్కెల్ హాన్సెన్, ఇప్పటి మేటి ఆటగాడు మథియాస్ గిడ్సెల్ ఇద్దరూ అక్కడి జీఓజీ క్లబ్బులో ఆడినవాళ్లే. స్పెయిన్‌లో బార్సిలోనా ఒక్కటే వేరే లోకం. మిగతా క్లబ్బులు మంచి ఆటగాడిని తయారుచేసి జర్మనీకి, ఫ్రాన్స్‌కు పంపేవే. హంగరీలో వెస్‌ప్రేమ్, సెగెడ్, పోలండ్‌లో కిల్సే, ప్వోట్స్క్: ఈ నాలుగింటికీ మిగతా క్లబ్బులకూ మధ్య పెద్ద అంతరం.

జపాన్‌ది మనకు దగ్గరి పద్ధతి. అక్కడ ఆటగాళ్లలో చాలామంది కంపెనీ ఉద్యోగులు, జట్లూ కంపెనీలవే. 2024లో లీగ్ హెచ్ పేరుతో కొత్త లీగు మొదలైంది. విదేశీ స్థానాలు తక్కువ, అవీ పేరున్న అంతర్జాతీయ ఆటగాళ్లకే. గల్ఫ్ క్లబ్బుల్లోనూ ఇదే పరిస్థితి. అక్కడ కొన్ని వారాలకో, ఒక టోర్నీకో మాత్రమే ఒప్పందాలు కుదురుతుంటాయి. భారత జట్టు సభ్యుడు కానివాళ్లు ఆ ఆశ పెట్టుకోవద్దు.

మీ స్థానం, మీ వయసు, మీ చెయ్యి

దారి ఎంచుకోవడంలో కోర్టు మీద మీ స్థానం చాలా తేల్చేస్తుంది. కుడి వైపు వింగ్ (మూల), కుడి బ్యాక్ (దూరం నుంచి షాట్ వేసే వెనక వరస) స్థానాల్లో ఎడమచేతి వాటం ఆటగాళ్లు కావాలి. ఆ కోణం నుంచి కుడిచేతి వాటంవాళ్లు వేసే షాట్‌కు గోల్ సగమే కనిపిస్తుంది. ప్రతి క్లబ్బుకూ కనీసం నలుగురు ఎడమచేతివాళ్లు అవసరం, దొరికేది తక్కువమంది. ఒకే స్థాయి ఆట ఉన్న ఇద్దరిలో ఎడమచేతివాడికి యూరప్‌లో ముందు పిలుపు వస్తుంది.

గోల్‌కీపర్ల ఆయుష్షు ఎక్కువ. ఫ్రాన్స్ గోల్‌కీపర్ థియరీ ఒమెయెర్ 2019లో విరమించేనాటికి అతనికి 42 ఏళ్లు. 23, 24 ఏళ్లకు యూరప్ ఆలోచన చేసినా గోల్‌కీపర్‌కు ఆలస్యం కాదు. వింగ్ ఆటగాడికి ఎత్తు అంత ముఖ్యం కాదు. వేగం, మూల నుంచి గాల్లోకి లేచి మణికట్టు తిప్పే నేర్పు కావాలి. 1.75 మీటర్ల తెలుగు కుర్రాడికి వాస్తవికమైన స్థానం ఇదే, కానీ ఎడమ వింగ్‌లో పోటీ విపరీతం. బ్యాక్ స్థానానికి 1.90 పైన ఎత్తు లేకపోతే బ్లాక్ మీదుగా 9 మీటర్ల నుంచి షాట్ వెళ్లదు. పొట్టివాళ్లు సెంటర్ బ్యాక్‌గా నిలబడాలంటే ఒకరితో ఒకరు తలపడి దాటే పని అద్భుతంగా ఉండాలి. ప్రత్యర్థి డిఫెన్స్ గోడ మధ్యలో నిలబడే పివట్‌కు బరువు, కాళ్ల బలం, రెండు చేతులతో ఏ బంతినైనా పట్టే నైపుణ్యం ముఖ్యం. వాళ్ల మోకాళ్లు, నడుము మాత్రం త్వరగా అరుగుతాయి.

మనవాళ్లు అక్కడికెళ్లి మొదటి నెలలో ఇబ్బంది పడేది జిగురుతో. ఇక్కడ చాలా చోట్ల సిమెంటు, మట్టి కోర్టుల్లో జిగురు లేకుండా ఆడతాం. అక్కడ వేళ్లకు రెజిన్ రాసుకుని ఆడతారు. పురుషుల బంతి 58 నుంచి 60 సెంటీమీటర్ల చుట్టుకొలత, 425 నుంచి 475 గ్రాములు. జిగురుతో దాన్ని ఒక చేత్తో పట్టి, ఆఖరి క్షణంలో దిశ మార్చవచ్చు, నేల మీద తిప్పి వేయవచ్చు. జిగురు అలవాటు లేనివాడి పాస్ చేతిని ఆలస్యంగా వదులుతుంది, బంతి కిందికి పడుతుంది. వెళ్లే ముందు కనీసం మూడు నెలలు ఇండోర్ కోర్టులో రెజిన్‌తో సాధన చేయాలి. ఇంకో తేడా డిఫెన్స్. ఆరుగురూ గోల్ ముందు ఒకే వరసలో నిలిచే 6-0 గోడలో నిలబడి పక్కవాడితో నిరంతరం మాట్లాడుతూ ఆడటం అక్కడి కోచ్ మొదట చూసే విషయం. 2022 నుంచి, గోల్‌కు ప్రయత్నించకుండా బంతి తిప్పుతున్నందుకు రిఫరీ ఇచ్చే నిష్క్రియ ఆట హెచ్చరిక తరువాత నాలుగు పాస్‌లే అనుమతి. కాబట్టి ఒత్తిడిలో నిర్ణయం తీసుకోలేనివాడు ఎంత గట్టిగా విసిరినా బెంచీ మీదే కూర్చుంటాడు.

భుజం, మోకాలు ఈ వృత్తిలో పెట్టుబడి. ఓస్లో క్రీడా గాయాల పరిశోధన కేంద్రం తయారుచేసిన పది నిమిషాల భుజ వ్యాయామాల క్రమం వార్మప్‌లో భాగంగా వారానికి మూడుసార్లు చేయడానికి పెట్టింది. నార్వే మేటి జట్ల మీద పరీక్షిస్తే భుజం సమస్యలు తగ్గాయి. మోకాలి లిగమెంటు ఏసీఎల్ తెగితే తిరిగి ఆడటానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగికి ఆ తొమ్మిది నెలలూ జీతం వస్తుంది. జర్మనీలో కాంట్రాక్టు మీద ఉన్నవాడికి ఆరు వారాలు క్లబ్బు జీతం ఇస్తుంది. తరువాత ప్రమాద బీమా సంస్థ వీబీజీ నుంచి స్థూల జీతంలో 80 శాతం వరకు, నికర జీతాన్ని మించకుండా, 78 వారాల దాకా అందుతుంది. కాంట్రాక్టు లేకుండా నోటి మాట మీద ఆడేవాడికి ఈ రక్షణ చాలావరకు ఉండదు.

కాంట్రాక్టు చదివే పద్ధతి

మొదట జీతం స్థూలమా, నికరమా చూడండి. నెలకు 4,025 యూరోల స్థూల జీతమంటే ఒంటరిగా ఉండేవాడి చేతికొచ్చేది సుమారు 2,600. ఫ్లాటు, కారు క్లబ్బు ఇస్తే వాటి విలువ మీద కూడా పన్ను పడవచ్చు. రెండో విషయం, జట్టు కింది డివిజన్‌కు పడిపోతే కాంట్రాక్టు ఏమవుతుంది. “ఈ కాంట్రాక్టు రెండో బుందెస్‌లీగాకు మాత్రమే వర్తిస్తుంది” అన్న ఒక్క వాక్యం ఉంటే, జట్టు దిగిపోయిన రోజున మీ వీసాకు ఆధారమూ పోతుంది. మూడోది, శస్త్రచికిత్స ఎవరు, ఎక్కడ చేయించాలో నిర్ణయించే హక్కు. నాలుగోది, జాతీయ జట్టు శిబిరాలకు విడుదల. భారత సమాఖ్య నుంచి అంతర్జాతీయ బదిలీ పత్రం రాకపోతే మీరు అక్కడ ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడలేరు. 16 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బుకు పరిహారం అడిగే హక్కు కూడా నిబంధనల్లో ఉంది. ఈ ఖర్చులు ఎవరివన్నది ముందే రాయించుకోండి. ఏజెంటుకు కాంట్రాక్టు కుదిరాక వచ్చే కమీషనే ఆదాయం కావాలి. ముందస్తుగా కుటుంబం దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు వేరే వ్యాపారం చేస్తున్నట్టు.

క్లబ్బు పేరు చూసి మోసపోవద్దు. ఏజీ కోపెన్‌హాగెన్ 2012 మేలో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఫోర్‌లో మూడో స్థానం సాధించి, ఆ వేసవిలోనే మూతపడింది. 2013లో చాంపియన్స్ లీగ్ గెలిచిన హాంబుర్గ్ 2016 జనవరిలో సీజన్ మధ్యలో లీగు నుంచి తప్పుకుంది. మహిళల్లో 2021, 2022, 2023లో వరసగా యూరప్ విజేతగా నిలిచిన నార్వే క్లబ్బు వైపర్స్ క్రిస్టియాన్‌సాండ్ 2025 జనవరిలో దివాలా తీసింది. ఒకే ధనవంతుడి మీదో, ఒకే స్పాన్సర్ మీదో నడిచే క్లబ్బు కంటే చిన్నదైనా ఇరవై ముప్పై స్థానిక స్పాన్సర్లు, సీజన్ టికెట్లు ఉన్న క్లబ్బు నయం. జర్మనీలో యజమాని దివాలా తీస్తే మూడు నెలల దాకా బకాయి జీతం ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. అన్ని దేశాల్లోనూ ఇలా ఉంటుందనుకోవద్దు.

అమ్మాయిలకు లెక్క వేరు

మహిళల్లో డబ్బున్న క్లబ్బులు హంగరీ, రుమేనియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో కొన్నే. జర్మన్ మహిళల లీగులో జీతాలు పురుషుల కంటే బాగా తక్కువ; క్రీడాకారుల వీసాకు కావాల్సిన మొత్తం పై డివిజన్‌లో కూడా చాలా క్లబ్బులు ఇవ్వలేవు. కాబట్టి అమ్మాయిలకు చదువు, ఆస్‌బిల్డుంగ్ మార్గాలే వాస్తవం. మరోవైపు ఆసియాలో మన అమ్మాయిల స్థాయి అబ్బాయిలకంటే పైన ఉంది: 2022 మార్చిలో అల్మాటీలో ఆసియా జూనియర్ చాంపియన్‌షిప్ గెలిచింది భారత అమ్మాయిలే. దేశానికి ఆడిన సర్టిఫికెట్ రాగల అవకాశం అమ్మాయిలకు ఎక్కువ కాబట్టి, జూనియర్ శిబిరానికి పిలుపు వచ్చిన అమ్మాయి రెండేళ్లు ఇక్కడే ఉండి ఫారం 1 సంపాదించుకుని, తరువాత యూరప్ సంగతి చూడటం తెలివైన పని.

అక్కడే పెరుగుతున్న తెలుగు పిల్లలు

జర్మనీలో, డెన్మార్క్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు వీసా చిక్కు లేదు. ఆరేళ్లకే ఊరి క్లబ్బులో చేర్చవచ్చు, సభ్యత్వ రుసుము కూడా పెద్ద భారం కాదు. 14, 15 ఏళ్లకు పిల్లవాడు జిల్లా ఎంపిక జట్టులో ఉంటే పెద్ద క్లబ్బు అకాడమీ ఆలోచన మొదలుపెట్టాలి. 17, 18 ఏళ్లకు జర్మనీలో ఎ-యూత్ బుందెస్‌లీగా అనే యువకుల లీగు ఉంది. అక్కడ ఆడని కుర్రాడు నేరుగా పై డివిజన్‌కు వెళ్లడం అరుదు. డెన్మార్క్‌లో ఎఫ్టర్‌స్కోల్ అనే ఆవాస పాఠశాలల్లో ఒక ఏడాది చదువుతో పాటు హ్యాండ్‌బాల్ ప్రధానంగా సాగుతుంది. మన ఇళ్లలో పదో తరగతి వయసులో ఏడాది ఆటకిస్తే చదువు పోతుందనే భయం సహజమే, కానీ డెన్మార్క్‌లో ఆ ఏడాది చదువులో భాగమే.

ఈ పిల్లలకు అసలు చిక్కు జాతీయ జట్టు దగ్గర వస్తుంది. జర్మనీకి ఆడాలంటే జర్మన్ పౌరసత్వం కావాలి. 2024 జూన్ నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలను అనుమతిస్తున్నా భారత చట్టం అనుమతించదు. భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. ఒక దేశపు సీనియర్ జట్టుకు అధికారిక మ్యాచ్ ఆడినవాళ్లు ఇంకో దేశానికి మారాలంటే, ఆ పౌరసత్వంతో పాటు, పాత దేశానికి ఆడకుండా మూడేళ్లు గడిచి ఉండాలి. సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు సీనియర్ శిబిరానికి పిలుపు వచ్చిందని సంబరపడి జెర్సీ వేసుకునే ముందు, 20 ఏళ్ల వయసులో ఆ మూడేళ్లు ఆగడానికి పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడా అని అతని క్లబ్బు కోచ్‌తో కూర్చుని మాట్లాడండి.